"ఆగు" అనే హక్కు ఎవరిది? సైటులో మనిషీ మిషనూ



ఈ వారం ఎపిసోడ్‌లో మాట్లాడిన విషయాన్ని రాతలో కూడా పెట్టమని చాలామంది అడిగారు. డ్యూటీలో ఉండి వినలేకపోయినవాళ్లు, క్యాంపులో నెట్ సరిగా రానివాళ్లు తీరిగ్గా చదువుకుంటారని రాస్తున్నాను. ఎపిసోడ్‌లో టైము లేక వదిలేసిన లెక్కలు కొన్ని ఇక్కడ కలిపాను.

అసలు ఈ మాట ఎందుకొచ్చిందంటే, ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అన్నా, గేటు కాడ కెమెరా నా మొఖం చూసి హాజరు వేస్తది. చేతికి పట్టీ కట్టి గుండె ఎట్ల కొట్టుకుంటుందో చూస్తున్నరు. రేపు వీపుకు కూడా ఏదో తగిలిస్తరంట. ఇంతకీ నేను మిషన్ నడిపేటోడినా, మిషన్ల ఒక పార్టునా?" నవ్వుతూనే అడిగాడు. కానీ అది నవ్వి వదిలేసే ప్రశ్న కాదు.

నేను పెద్ద ఇంజనీరును కాను. ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ ట్రేడు చేసి వచ్చాను. ఇప్పుడు దుబాయ్‌లో సైటు సూపర్‌వైజర్‌ని. కంటితో చూసినదీ, చదివి తెలుసుకున్నదీ చెబుతాను. నాకు అర్థమైనంతవరకు మనిషికీ మిషన్‌కీ మధ్య గీత మన ఒంటి మీద ఎక్కడో ఉండదు. పని దగ్గర "ఆగు" అనేది ఎవరు, "కానివ్వు" అనేది ఎవరు, ఆ మాటకు జవాబు చెప్పేది ఎవరు, అక్కడ ఉంటుంది.

ఈ కలగాపులగం కొత్తది కాదు

"కంప్యూటర్" అనేది ఒకప్పుడు మనిషి ఉద్యోగం పేరు. లెక్కలు కట్టేవాడిని కంప్యూటర్ అనేవారు. మన దేశంలో జరిగిన గ్రేట్ ట్రిగనామెట్రికల్ సర్వేలో రాధానాథ్ సిక్‌దార్ అనే బెంగాలీ యువకుడు 1831లో ఆ ఉద్యోగంలోనే చేరాడు. హిమాలయాల్లో అప్పటిదాకా పేరు లేకుండా "15వ శిఖరం" అని పిలిచే కొండ ప్రపంచంలోకెల్లా ఎత్తయినదని 1852లో లెక్క తేల్చింది ఆయనే. ఆ కొండకు తర్వాత ఎవరెస్ట్ అని పేరు పెట్టారు, సర్వే పాత పెద్దసారు పేరు మీద. లెక్క కట్టిన "కంప్యూటర్" పేరు చాలామందికి తెలియకుండా పోయింది.

అటు నుంచి చూస్తే, మిషన్ మనిషి ఒంట్లోకి పోయి కూడా చాలా ఏళ్లయింది. 1958లో స్వీడన్‌లో ఆర్నె లార్సన్ అనే ఆయన ఒంట్లో మొదటిసారి పేస్‌మేకర్ అమర్చారు. మొదటిది కొన్ని గంటలే పనిచేసింది. తర్వాత మార్చుకుంటూ మార్చుకుంటూ ఆయన 2001 దాకా, 86 ఏళ్లు బతికాడు. ఆయన మనిషి కాదని ఎవరైనా అంటారా? ఒంట్లో మిషన్ ఉన్నంత మాత్రాన మనిషితనం ఎక్కడికీ పోదు.

ఇక "రోబో" అనే మాట. 1920లో కారెల్ చాపెక్ అనే చెక్ రచయిత ఒక నాటకం కోసం వాడిన మాట అది. చెక్ భాషలో "రొబోటా" అంటే దొర పొలంలో జీతం లేకుండా చేయాల్సిన బలవంతపు పని. మన తెలంగాణ పెద్దలకు దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. దాని పేరు వెట్టిచాకిరి. అంటే రోబో అనే మాట ఇనుము నుంచో కరెంటు నుంచో పుట్టలేదు, కాదనడానికి వీల్లేని పని నుంచి పుట్టింది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి. మిగతాదంతా దీని చుట్టే తిరుగుతుంది.

మిషన్ వచ్చినా మనుషులు కనిపిస్తూనే ఉన్నారు

2016లో దుబాయ్‌లో ఒక ఆఫీసు భవనాన్ని త్రీడీ ప్రింటర్‌తో కట్టారు. సుమారు 250 చదరపు మీటర్లు. ప్రింటింగ్ 17 రోజుల్లో అయిపోయింది. పేపర్లలో ప్రింటర్ ఫోటోలే వేశారు. అక్కడ పనిచేసినవాళ్ల లెక్క చూస్తే ప్రింటర్ దగ్గర ఒక్కడు, ముక్కలు తెచ్చి బిగించడానికి ఏడుగురు, కరెంటు, ప్లంబింగ్ లాంటి పనులకు పదిమంది. పని తగ్గింది, నిజమే. కానీ మిషన్ ఒక్కటే కట్టిందనడం అబద్ధం.

సీలింగ్‌కు రంధ్రాలు వేసే రోబో కూడా 2020లో వచ్చింది. డ్రాయింగ్ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే అదే కొలత చూసుకుని డ్రిల్ చేస్తుంది. మెడ పైకెత్తి రోజంతా డ్రిల్ పట్టుకున్నవాడికి అది ఎంత సుఖమో నాకు తెలుసు. ఆ పని మిషన్ చేస్తానంటే నేను అడ్డం చెప్పను. మనం గట్టిగా మాట్లాడాల్సింది మన బదులు పనిచేసే మిషన్ గురించి కాదు, మన ఒంటిని కొలిచి మన తరఫున తీర్పు చెప్పే మిషన్ గురించి.

చేతి పట్టీకి ఏం తెలుసు, ఏం తెలియదు

పట్టీ వెనుక వైపు ఆకుపచ్చ లైటు మెరుస్తుంటుంది కదా. ఆ లైటు చర్మంలోకి పోయి తిరిగొస్తుంది. నరాల్లో రక్తం పొంగినప్పుడు తిరిగొచ్చే లైటు కొంచెం తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులు లెక్కపెట్టి గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో చెబుతుంది. కొన్ని పట్టీలు చర్మం వేడి కూడా చూస్తాయి. ఈ రెండూ కలిపి లోపలి ఒంటి వేడి ఇంత ఉండొచ్చని ఒక అంచనా వేస్తాయి. మళ్లీ చెబుతున్నాను, అది అంచనా. థర్మామీటర్ పెట్టి చూసినట్టు కాదు.

ఆ అంచనా తప్పడానికి కారణాలు మన పనిలోనే ఉన్నాయి. పట్టీ వదులుగా ఉంటే తప్పుతుంది. చెమట నిండితే తప్పుతుంది. రాడ్లు కడుతూ మణికట్టు అదేపనిగా తిప్పుతుంటే తప్పుతుంది. నల్లటి చర్మం మీద ఆ లైటు ఎక్కువగా ఇంకిపోతుంది కాబట్టి కొన్ని పరికరాలకు చదవడం కష్టమవుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది మందుల సంగతి. బీపీకి ఇచ్చే మాత్రల్లో బీటా బ్లాకర్లు అని ఒక రకం ఉంది. వాటి పనే గుండె వేగాన్ని అదుపులో పెట్టడం. ఆ మాత్ర వేసుకున్న మనిషి ఎండలో కమిలిపోతున్నా గుండె లెక్క మరీ పైకి పోకపోవచ్చు. పట్టీ చూస్తే పచ్చగా ఉంటుంది, మనిషి పడిపోయేలా ఉంటాడు. నలభై దాటిన మనవాళ్లలో బీపీ మాత్ర వేసుకునేవాళ్లు ఎంతమందో మీ రూములోనే లెక్కపెట్టుకోండి.

ఇది పుస్తకంలో చదివిన సంగతి మాత్రమే కాదు. నేను ఇంతకుముందు చేసిన ఒక సైటులో, జూలైలో, స్లాబ్ మీద స్టీల్ పని జరుగుతోంది. పొద్దున పదకొండు కూడా కాలేదు. జగిత్యాల వైపు స్టీల్ ఫిక్సర్ ఒకాయన వచ్చి "సారూ, కండ్లు తిరుగుతున్నయి, మాట తడబడుతుంది" అన్నాడు. పట్టీ పచ్చగానే ఉంది. నేను పట్టీ వైపు చూడలేదు, ఆయన ముఖం చూశాను. నీడలోకి పంపి, బూట్లు, చొక్కా విప్పించి, నీళ్లు పోయించి, నర్సును పిలిచాను. అప్పటికే ఒంటి వేడి బాగా పెరిగింది. అరగంటకు కుదుటపడ్డాడు. ఆయన బీపీ మాత్ర సంగతి తర్వాత బయటపడింది. సాయంత్రం ఆఫీసు నుంచి ఫోను, "డ్యాష్‌బోర్డులో గ్రీన్ ఉంది కదా, పని ఎందుకు ఆపారు?" అని. నేను రిపోర్టులో ఒకటే రాశాను: "మనిషి చెప్పాడు, అందుకే ఆపాను." ఆ తర్వాత టూల్‌బాక్స్ టాక్‌లో ఒక లైను చేర్చారు: పట్టీ రంగు ఏదైనా, ఒంట్లో బాగోలేదంటే పని ఆపాలి.

ఆరోజు ఆయన మనసులో "పట్టీ పచ్చగా ఉంది కదా, నాదే అనుమానం" అనుకుని ఉంటే? నా భయమంతా అదే. మిషన్ తప్పు చెప్పడం కన్నా, మిషన్ చెప్పింది విని మనం మన ఒంటి మాట వినడం మానేయడం ఎక్కువ ప్రమాదం.

అలాగని కొలతలన్నీ పనికిరావని అనను. ఖతార్‌లో నీడలోని ఉష్ణోగ్రతతో పాటు డబ్ల్యూబీజీటీ అనే లెక్క చూస్తారు. తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ చూపేది 70 శాతం, ఎండలో పెట్టిన నల్ల గోళం చూపేది 20 శాతం, మామూలు గాలి వేడి 10 శాతం కలిపి కట్టే లెక్క అది. తడి థర్మామీటర్‌కు అంత బరువు ఎందుకంటే చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువుంటే చెమట ఆరదు. అందుకే సముద్రం పక్కన 36 డిగ్రీలు, ఎడారి లోపల 42 కన్నా ప్రాణం తీస్తుంది ఒక్కోసారి. ఖతార్‌లో 2021 నుంచి ఈ లెక్క 32.1 దాటితే గంట ఎంతైనా బయట పని ఆపాలని రూలు. ఇక్కడ యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3:00 వరకు ఎండలో పని ఆపాలి. ఇవి మిషన్ లెక్కలే, గడియారం లెక్కలే. కానీ ఇవి "ఆగు" అనడానికి ఉన్నాయి. తేడా అక్కడే ఉంది.

క్రేన్ నేర్పిన రూలు

టవర్ క్రేన్ దగ్గర పనిచేసినవాళ్లకు నేను చెప్పేది వెంటనే అర్థమవుతుంది. క్రేన్‌లో ఓవర్‌లోడ్ లిమిటర్ ఉంటుంది. బరువు మించితే ఆపరేటర్ ఎంత లాగినా పైకెత్తదు. అక్కడ మిషన్ మనిషిని ఆపుతుంది. ఎవరూ అవమానం అనుకోరు.

కింద సిగ్నల్ ఇచ్చే పని బ్యాంక్స్‌మన్‌ది. ఎత్తు, దించు, తిప్పు అనే సైగలు అతను ఇస్తేనే ఆపరేటర్ కదలాలి. కానీ "ఆగు" అనే సైగ మాత్రం ఎవరు ఇచ్చినా ఆపాలి. నిన్న వచ్చిన హెల్పర్ అయినా సరే, చీపురు పట్టుకున్న క్లీనర్ అయినా సరే. ముందు ఆపు, తర్వాత అడుగు.

పట్టీలకు, కెమెరాలకు, యాప్‌లకు కూడా ఇదే రూలు పెట్టమంటాను. "ఆగు" అనే మాట మిషన్ అన్నా చెల్లాలి, మనిషి అన్నా చెల్లాలి. ఇద్దరిలో ఎవరన్నా సరే. "కానివ్వు" అనే మాట మాత్రం పేరూ సంతకమూ ఉన్న మనిషే అనాలి. ఎందుకంటే రేపు ఏదైనా జరిగితే డ్యాష్‌బోర్డు వచ్చి ఆ ఇంటివాళ్లకు జవాబు చెప్పదు.

ఈ రూలు తలకిందులైనప్పుడు, అంటే మిషన్ "కానివ్వు" అంటే మనిషి "ఆగు" అనడానికి వీల్లేనప్పుడు, చాపెక్ మాటకు అసలు అర్థం తిరిగొస్తుంది. చొక్కా లోపల ఉన్నది మనిషే అయినా అతను చేసేది రొబోటా.

ముఖం, వేలిముద్ర, జీతం

సిమెంటు తడిస్తే దాని క్షారం చాలా ఘాటు, పీహెచ్ 12 పైనే ఉంటుంది. గ్లౌజులు లేకుండా ఏళ్ల తరబడి చేసిన మేస్త్రీ వేళ్లు చూడండి, గీతలు అరిగి నున్నగా అయిపోతాయి. అంటే పని చేసిన గుర్తే, పనికి వచ్చాడని చెప్పే గుర్తును చెరిపేస్తుంది. ఊళ్లో రేషన్ షాపు దగ్గర వేలిముద్ర పడక అమ్మానాన్నలు రెండుమూడుసార్లు తిరగడం మనలో చాలామందికి తెలిసిన బాధే.

అందుకని ముఖం చూసే కెమెరాలు వచ్చాయి. అవి కూడా ఎండ ఎదురుగా పడితే, దుమ్ము కప్పితే, హెల్మెట్ కిందికి జారితే తడబడతాయి. చర్మం రంగు సంగతీ ఉంది. 2018లో జాయ్ బులమ్‌వినీ, టిమ్నిట్ గెబ్రు అనే ఇద్దరు పరిశోధకులు, ముఖం చూసి ఆడా మగా చెప్పే సాఫ్ట్‌వేర్‌లను పరీక్షించారు. తెల్లటి మగవాళ్ల దగ్గర తప్పులు 0.8 శాతం మించలేదు. నల్లటి ఆడవాళ్ల దగ్గర ఒక సాఫ్ట్‌వేర్ తప్పులు 34.7 శాతం దాకా పోయాయి. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్‌లు మెరుగయ్యాయి. అయినా మిషన్ అందరినీ ఒకేలా చూస్తుందన్న నమ్మకం పెట్టుకోకూడదని దాంతో తేలింది.

కెమెరా "నువ్వు నువ్వు కాదు" అంటే మనకు పోయేది హాజరు, దాంతోపాటు ఓటీ. బ్రిటన్‌లో ఊబర్ ఈట్స్‌లో పనిచేసే నల్లజాతి డెలివరీ కార్మికుడు ఒకాయనకు యాప్‌లో ముఖం సరిపోలలేదని అకౌంట్ తీసేశారు. ఆయన కేసు వేశాడు, 2024లో రాజీ కుదిరి కంపెనీ డబ్బు చెల్లించింది. ఆయన ఊరుకోకుండా అడిగాడు. మనం కూడా అడగాల్సింది అదే: "మిషన్ కాదంది, మీరు చూసి చెప్పండి."

చట్టాలు కూడా మెల్లగా ఇటే వస్తున్నాయి. ఐరోపాలో 2018 నుంచి, మిషన్ ఒక్కటే తీసుకున్న పెద్ద నిర్ణయాన్ని కాదని మనిషితో మళ్లీ చూపించుకునే హక్కు ఉంది. ఉద్యోగి ముఖం చూసి కోపంలో ఉన్నాడో విసుగ్గా ఉన్నాడో కనిపెట్టే మిషన్లను 2025 ఫిబ్రవరి నుంచి అక్కడ పనిచోట్ల నిషేధించారు. గల్ఫ్‌లో ఖతార్ 2016లో, యూఏఈ 2021లో వ్యక్తిగత సమాచారం మీద చట్టాలు చేశాయి. యూఏఈ చట్టం ఆరోగ్యం వివరాలనూ, ముఖం, వేలిముద్ర లాంటివాటినీ జాగ్రత్తగా చూడాల్సిన సమాచారంగా లెక్కగట్టింది. కాగితం మీద ఉన్నదంతా రేపు పొద్దున సైటులోకి రాదు. కానీ అడగడం తప్పు కాదని తెలుసుకోవడానికి పనికొస్తుంది.

వీపుకు కట్టే జాకెట్

తమ్ముడు అడిగిన "వీపుకు తగిలించేది" కూడా చెప్పేస్తాను. ఎక్సోస్కెలిటన్ అంటారు. మన పనికి వచ్చేవాటిలో చాలావరకు మోటారు ఉండదు, స్ప్రింగులే. చేతులు పైకెత్తి పనిచేసేటప్పుడు భుజం మీది భారాన్ని నడుము మీదికి దించుతుంది. ఫోర్డ్ కార్ల కంపెనీ 2018లో ఏడు దేశాల్లో 15 ఫ్యాక్టరీల్లో ఇలాంటివి ఇచ్చింది. ఒక్కో చేతికి 2.2 నుంచి 6.8 కిలోల దాకా ఆసరా.

మా దగ్గర సీలింగ్ పనికి రెండు ట్రయల్‌కు తెచ్చారు. జిప్సం పనివాళ్లకు భుజం నొప్పి తగ్గిన మాట నిజం, ఎండాకాలం ఉక్కపోత పెరిగిన మాటా నిజం. నాలుగో రోజు మీటింగ్‌లో "ఇప్పుడు ఎక్కువ బోర్డులు ఎక్కించొచ్చు కదా" అనే మాట వచ్చింది. నొప్పి తగ్గించడానికి తెచ్చిన జాకెట్ అయితే టార్గెట్ పాతదే ఉండాలి, టార్గెట్ పెంచితే మిగిలిన బలమంతా దానికే పోతుంది, భుజానికి ఏం మిగలదు అన్నాను. ట్రయల్ అయ్యేదాకా పాత టార్గెట్ ఉంచారు. ఏ కొత్త మిషన్ వచ్చినా ఇది అడగండి: దీనివల్ల మిగిలింది ఎవరికి పోతుంది?

మనం చేయగలిగినవి

1. ఒంట్లో తేడాగా ఉంటే పట్టీ చూడకండి, నోరు విప్పండి. తల తిరగడం, వాంతి, మాట తడబడడం, అయోమయం, ఇవి వడదెబ్బ గుర్తులు. పక్కవాడు పొంతన లేకుండా మాట్లాడుతుంటే అతన్ని నీడలోకి లాగి, బట్టలు వదులు చేసి, ఒంటిమీద చల్లటి నీళ్లు పోసి, మెడ, చంకల దగ్గర ఐసు పెట్టండి. స్పృహ లేనివాడి నోట్లో నీళ్లు పోయొద్దు. యూఏఈలో అంబులెన్స్ 998.

2. బీపీ, షుగర్, గుండె మందులు వాడుతుంటే సైటు నర్సుకు చెప్పండి. ఉద్యోగం పోతుందని దాచేవాళ్లు ఉన్నారు, ఆ భయం నాకు తెలుసు. కనీసం మీ ఫోర్‌మన్‌కో రూమ్మేట్‌కో చెప్పి ఉంచండి. మాత్రలు మీ అంతట మీరు మానేయొద్దు.

3. ఊరి నుంచి కొత్తగా వచ్చినా, సెలవు నుంచి తిరిగొచ్చినా ఒళ్లు వేడికి అలవాటు పడడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. కొత్తవాళ్లు మొదటి రోజు పూర్తి పనిలో ఐదోవంతు, తర్వాత రోజుకు ఐదోవంతు పెంచుకుంటూ పోవాలని అమెరికా ఆరోగ్య నిపుణుల సలహా. ఫోర్‌మన్లూ, ఇది మన చేతిలో పని.

4. ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. తేదీ, లోపలికి వెళ్లిన టైము, బయటకు వచ్చిన టైము, ఓటీ. కెమెరా పట్టని రోజు అదే నిమిషంలో టైమ్‌కీపర్‌కు చెప్పి, చెప్పినట్టు రాసుకోండి. ఫోటోలు నిషేధమున్న సైటులో ఫోన్ తీయకండి, నోట్‌బుక్ చాలు.

5. పట్టీ కడుతున్నప్పుడు మర్యాదగా మూడు అడగండి: ఇది ఏం కొలుస్తుంది? ఎవరు చూస్తారు? రూముకు వెళ్లాక తీసేయొచ్చా? నలుగురు కలిసి అడిగితే ఇంకా మంచిది.

6. జీతం కోతలో కంపెనీ వినకపోతే యూఏఈలో కార్మిక శాఖ నంబరు 600590000. మన ఇండియన్ కాన్సులేట్ సాయం కోసం ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్‌ఫ్రీ 80046342.

ఇక ఆ తమ్ముడి ప్రశ్నకు నా జవాబు. గుండెలో పేస్‌మేకర్ ఉన్నవాడు కూడా పూర్తి మనిషే. వీపుకు జాకెట్ కట్టుకున్నవాడు కూడా మనిషే. పార్టుకు లేనిదీ, నీకు ఉన్నదీ ఒక్కటే. బోల్టు అరిగిపోతున్నా "ఆగండి" అనలేదు. నువ్వు అనగలవు. అన్నప్పుడు వినే ఫోర్‌మన్ కూడా కావాలి. నాలాంటి సూపర్‌వైజర్లు ఇది చదువుతుంటే, ఆ వినే పని మనదే.

మీ సైటులో, వేర్‌హౌస్‌లో, డెలివరీ బండి మీద, ఇళ్లల్లో పనిచేసే అక్కచెల్లెళ్ల దగ్గర ఇలాంటి మిషన్లు ఏమొచ్చాయో వాయిస్ మెసేజ్ పెట్టండి. కంపెనీ పేరు చెప్పక్కర్లేదు. వచ్చే ఎపిసోడ్‌లో వాటి గురించి మాట్లాడుకుందాం. నీళ్లు తాగుతూ ఉండండి, జాగ్రత్త.